వాసన లేని పన్నీరు గులాబీ: లొల్లి ఎక్కడ మొదలైంది

వానలు పడ్డాయి, కడియం నుంచి మొక్కల లారీలు దిగాయి, హన్మకొండలో పన్నీరు గులాబీ పంచాయితీ మళ్లీ మొదలైంది. "పన్నీరు గులాబీ అని అంటగట్టిండ్రు, పువ్వయితే పూసింది గానీ ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ లేదు" అని కొన్నవాళ్ల గోడు. "వాసన మొక్కలనే ఉంటదక్కా, మీ ఎండకు, మీ నల్లా నీళ్లకు పోయింది" అని అమ్మేవాళ్ల మాట. ఈసారి కొత్తగా ఒక డిమాండ్ కూడా చేరింది. మొక్కకు రకం పేరు రాసిన చీటీ కట్టి అమ్మాలని కొన్నవాళ్లు అడుగుతున్నారు. లోడు ఎట్లా వస్తే అట్లా అమ్ముతాం, పేర్లు మాకే చెప్పరు అంటున్నారు అమ్మేవాళ్లు.

గులాబీ పర్షియా వైపు నుంచి వచ్చిందని, జహంగీరు కాలంలోనే అత్తరు తీశారని అందరికీ తెలిసిందే, దాని జోలికి పోను. నా లెక్కలో ఈ గొడవకు అసలు మలుపు 1988. కేంద్రం కొత్త విత్తన విధానం తెచ్చిన ఏడాది అది. దాంతో బయటి దేశాల నుంచి పూల మొక్కలు తెప్పించుకోవడం సులువైంది. 1990ల్లో పుణె, బెంగళూరు, హోసూరు చుట్టుపక్కల పాలీహౌస్‌లు, అంటే ప్లాస్టిక్ కవరు కప్పిన పూలతోటల షెడ్లు, లేచాయి. వాళ్లకు కావాల్సిన గులాబీ వేరు. కాడ పొడుగ్గా ఉండాలి, మొగ్గ గట్టిగా ఉండాలి, కోసి అట్టపెట్టెలో పెట్టి లారీ ఎక్కించినా విమానం ఎక్కించినా రోజుల తరబడి వాడకుండా నిలవాలి. ఫస్ట్ రెడ్, ఆ తర్వాత తాజ్‌మహల్ లాంటి రకాలు అట్లా మార్కెట్‌ను ఆక్రమించాయి. వాటిని ఎంచేటప్పుడు రంగు చూశారు, కాడ చూశారు, నిల్వ చూశారు. వాసన సంగతి ఎవరూ అడగలేదు. పెళ్లి స్టేజీల మీద, బొకేల్లో, ఫిబ్రవరి 14న రోడ్డు పక్క బకెట్లలో అదే పువ్వును చూసీ చూసీ గులాబీ అంటే ఇట్లనే ఉంటదని మన కళ్లకు అలవాటైపోయింది. ఇంటికి మొక్క కొనేవాళ్లు కూడా అదే మొగ్గ, అదే ఎరుపు అడిగారు. నర్సరీలు అదే తెచ్చిపెట్టాయి. పాత పేరు మాత్రం అమ్మకానికి పనికొస్తుంది కాబట్టి పన్నీరు అన్న మాట మిగిలింది.

అంటు కట్టిన మొక్కకు వాసన ఉండదని మన దగ్గర ఒక మాట బాగా తిరుగుతోంది. అది నిజం కాదు. క్రిమ్సన్ గ్లోరీ అనే గులాబీ రకం 1935 నాటిది, మిస్టర్ లింకన్ 1964 నాటిది, డబుల్ డిలైట్ 1977 నాటిది. అన్నీ అంటు కట్టి అమ్మేవే, అన్నీ ఘుమఘుమలాడేవే. ఇవి కూడా హైబ్రిడ్లే. తేడా రకంలో ఉంది. 2015లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు మంచి వాసన ఉన్న పాపా మెయాన్‌ను, పెద్దగా వాసన లేని రూజ్ మెయాన్‌ను పక్కపక్కన పెట్టి పరీక్షించారు. గులాబీకి ఆ తియ్యటి వాసన తెచ్చే వాటిలో జెరానియాల్ ఒకటి. దాని తయారీకి రేకుల్లో నుడిక్స్1 అనే ఎంజైమ్ కావాలని వాళ్లు తేల్చారు. వాసన లేని రకంలో ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు దాదాపు పనిచేయడం లేదు. అలాంటి మొక్కకు మీరు పేడ ఎరువు వేసినా, వేపపిండి వేసినా, బియ్యం కడిగిన నీళ్లు పోసినా ఆకులు నిగనిగలాడతాయి, పువ్వు పెద్దదవుతుంది, వాసన మాత్రం రాదు.

ఎండ సంగతిలో అమ్మేవాళ్ల మాట పూర్తిగా కొట్టిపారేయలేం. మే నెల ఎండకు పువ్వు చిన్నదవుతుంది, రేకుల్లోని నూనె తొందరగా ఆవిరైపోతుంది, మధ్యాహ్నం వాసన చూస్తే ఏమీ తెలియదు. కానీ అక్టోబర్‌లో కొమ్మలు కత్తిరించి, నెలన్నరకు, మంచు పడే రోజుల్లో, పొద్దున ఆరింటికి సగం విచ్చిన పువ్వును చూసినా వాసన లేదంటే ఇంక ఎండను తిట్టి లాభం లేదు.

మూడేళ్ల కింద నేను కొన్న మొక్క కథ ఇంకోటి. కొన్నప్పుడు దానికి ఒకే ఒక్క గులాబీరంగు పువ్వు ఉండె, వాసన కూడా వచ్చింది. ఆ చలికాలం ఇంకో నాలుగు పూసింది. తర్వాతి వానాకాలం కుండీలో మట్టి దగ్గర నుంచి ఒక కొమ్మ సర్రున లేచి నా ఎత్తు పెరిగింది. మొక్క ఏపుగా ఉందని ఇంట్లో అందరం సంబరపడ్డాం. పూసేసరికి గుత్తులు గుత్తులుగా రూపాయి బిళ్లంత తెల్లపూలు, ఒక్కోదానికి ఐదు రేకులే. మట్టి తీసి చూస్తే అర్థమైంది. అంటు కట్టిన చోట ముడిలా ఉబ్బి ఉంటుంది కదా, ఈ కొమ్మ దాని కింద నుంచి వచ్చింది. అది మల్టీఫ్లోరా జాతి, పై మొక్కను మోయడానికి వాడే వేరుమొక్క. పైనున్న అసలు గులాబీ అప్పటికే ఎండి పుల్లయింది. ఒక్కో ఆకుకాడకు ఏడాకులుంటే పీకెయ్యి, ఐదాకులుంటే ఉంచు అని చెప్తుంటారు గానీ ఆ లెక్క ప్రతిసారీ నిలవదు, మంచి గులాబీలకు కూడా ఏడాకులు వస్తాయి. కొమ్మ ముడి పైనుంచి వచ్చిందా కింద నుంచా అన్నదే చూడాలి. కింద నుంచి వస్తే కత్తెర పెట్టకుండా మొదట్లోనే పట్టి పీకెయ్యాలి. కొనేటప్పుడు ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే నా మొక్క బతికేది.

మరి బాపమ్మల కాలం పన్నీరు గులాబీ ఏది? దక్షిణాది పెరళ్లలో ఆ పేరుతో బతికినవాటిలో ముఖ్యమైనది ఎడ్వర్డ్ గులాబీ. దాని పుట్టుక హిందూ మహాసముద్రంలో, ఇప్పుడు రీయూనియన్ అంటున్న అప్పటి బోర్బన్ దీవిలో. అక్కడ కంచెలుగా నాటిన డమాస్క్ గులాబీకి, చైనా గులాబీకి కలిసి 19వ శతాబ్దం మొదట్లో వెలుగులోకి వచ్చిన రకం. డమాస్క్ నుంచి వాసన, చైనా నుంచి ఏడాదిలో మళ్లీ మళ్లీ పూసే గుణం. చల్లటి చోట్ల పెరిగే అసలు డమాస్క్‌కు మన వేడి పడదు, దీనికి పడుతుంది. ఉత్తరాదిలో కొన్నిచోట్ల దీన్నే వేరుమొక్కగా వాడి, పైన వేరే రకాల అంటు కడతారు. వాసనున్న మొక్క మట్టిలో ఉండి, ఊరూపేరూ లేనిదాన్ని మోస్తుందన్నమాట.

ఎడ్వర్డ్ పువ్వు పొద్దున విచ్చితే ముట్టుకుంటే రాలేంత వదులుగా ఉంటుంది. పెట్టెలో పెట్టి పంపే వ్యాపారానికి అది అక్కరకు రాదు. దండకు, పన్నీరుకు, దర్గాలో చాదర్ మీద చల్లే రేకులకు, జడలో పెట్టుకోవడానికి అదే కావాలి.

మా బాపమ్మ ఇంట్లో బాయి గిలక పక్కన ఒకటుండె. బతుకమ్మ పేర్చినంక గౌరమ్మ పక్కన పెట్టడానికి ఒక్క పువ్వు కోసేది, మిగతావి చెట్టుకే వదిలేది. ఎవరడిగినా కొమ్మ ఇచ్చేది. పెన్సిల్ మందం కొమ్మ, జానెడు పొడుగు, కింద కణుపు దగ్గర ఏటవాలుగా కోసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేట్టు గుచ్చి, పై కొసకు పేడ ముద్ద పెట్టేది. వానాకాలంలో నీడన పెడితే చాలు. ఇట్లా వచ్చిన మొక్కకు సొంత వేరే ఉంటుంది, కింద నుంచి ఏ కొమ్మ లేచినా అదే గులాబీ. పేరు రాసిన చీటీ అవసరం రాలేదు, ఎవరి చెట్టు కొమ్మో, దాని పువ్వు ఎట్లుంటదో అడిగినవాళ్లకు ముందే తెలుసు కాబట్టి.

ఇప్పుడా ఎరుక పోయింది, పేరూ రావడం లేదు. చీటీ అడగడం గొంతెమ్మ కోరికేం కాదు. అంటు కట్టేవాళ్లకు ఏ కొమ్మ ఏ రకానిదో తెలియకుండా ఉండదు, లారీ ఎక్కేసరికి అది ఎర్ర గులాబీ, పసుపు గులాబీ అయిపోతోంది. చీటీ వచ్చేదాకా పువ్వు విచ్చిన మొక్కనే కొనండి, పొద్దున పూటే వెళ్లండి, వాసన చూసి, ముడి ఎక్కడుందో చూసి తెచ్చుకోండి. పాత ఇళ్లున్న వీధుల్లో ఎవరి పెరట్లోనైనా రేకులు రాలే గులాబీ కనిపిస్తే ఒక కొమ్మ అడగండి. మా బాపమ్మ చెట్టు ఇల్లు అమ్మినప్పుడే పోయింది, దాని కొమ్మ తీసుకుపోయిన పక్కింటి చిన్నమ్మ ఇంట్లో మాత్రం ఇంకా పూస్తోంది. పోయిన వారమే రెండు పుల్లలు తెచ్చి గుచ్చాను. ఒకదానికి చిగురు కనిపిస్తోంది.