పుట్టిన నిమిషానికే బిడ్డకు మార్కులు

కాన్పయ్యాక ఇచ్చే డిశ్చార్జ్ సమ్మరీలో చాలాసార్లు ‘అప్గార్ 7, 9’ అని ఒక చిన్న లైను ఉంటుంది. ఇంటికొచ్చాక తీరిగ్గా కాగితాలు తిరగేసిన తల్లిదండ్రులకు అక్కడే టెన్షన్ మొదలవుతుంది. పదికి ఏడేనా? ఏమైనా లోపం ఉందా? పెద్దయ్యాక చదువు వస్తుందా? వాళ్ల బెంగ తీర్చాలంటే ఆ అంకెలు దేన్ని కొలుస్తాయో, అసలు ఎందుకు పుట్టాయో చెప్పాలి.

అప్గార్ ఒక డాక్టరు ఇంటిపేరు. వర్జీనియా అప్గార్ 1909లో అమెరికాలోని న్యూజెర్సీలో పుట్టారు. కొలంబియా యూనివర్సిటీలో వైద్యం చదివి సర్జన్ కావాలనుకున్నారు. ఆడవాళ్లు సర్జరీలో నిలదొక్కుకోవడం కష్టమని, మత్తుమందు విభాగానికి వెళ్లమని ఆమె ప్రొఫెసరే సలహా ఇచ్చారు. ఆ దారిలోనే వెళ్లి 1949లో కొలంబియా వైద్య కళాశాలలో తొలి మహిళా ఫుల్ ప్రొఫెసర్ అయ్యారు. కాన్పుల్లో తల్లులకు మత్తు ఇవ్వడం ఆమె పని.

అప్పటి లేబర్ రూములో అందరి కళ్లూ తల్లి మీదే ఉండేవి. బిడ్డ బయటికొచ్చాక దాని బాగోగులు పద్ధతిగా చూసే మనిషి లేరు. నీలంగా, చిన్నగా, ఊపిరి సరిగా అందక పుట్టిన కొందరు పసికందులు ఇక బతకరని పక్కన పెట్టేసిన సందర్భాలూ ఉన్నాయి. ఆ కాలంలో అమెరికాలో శిశు మరణాలు మొత్తంగా తగ్గుతున్నా, పుట్టిన మొదటి 24 గంటల్లో పోయే బిడ్డల సంఖ్య మాత్రం తగ్గలేదు. అప్గార్‌ను కలచివేసింది ఇదే.

1952లో బిడ్డ పరిస్థితిని ఎలా అంచనా వేయాలని ఒక విద్యార్థి అడిగితే, ఆమె అక్కడికక్కడే అయిదు గుర్తులు రాసిచ్చారని చెబుతారు. 1953లో వాటిని వ్యాసంగా ప్రచురించారు. గుండె వేగం, ఊపిరి, ఒంటి బిగువు, కదిలిస్తే వచ్చే స్పందన, ఒంటి రంగు. ఒక్కోదానికి 0, 1 లేదా 2. గుండె నిమిషానికి 100 సార్ల కంటే ఎక్కువ కొట్టుకుంటే 2, తక్కువైతే 1, అసలు లేకపోతే 0. కెవ్వుమని ఏడిస్తే ఊపిరికి 2. కాళ్లూ చేతులూ ముడుచుకుని ఆడిస్తుంటే 2, గుడ్డపేలికలా వేలాడితే 0. ముక్కులో సన్నని గొట్టం పెట్టినప్పుడు తుమ్మినా దగ్గినా 2, ముఖం చిట్లిస్తే 1. యంత్రం అక్కర్లేదు, రక్తపరీక్ష అక్కర్లేదు. కళ్లు, చెవులు, గడియారం చాలు.

నాకు ఇందులో అన్నిటికంటే గొప్పగా తోచేది ఆ గడియారమే. సరిగ్గా నిమిషానికి మార్కు వేయాలంటే ఎవరో ఒకరు ఆ నిమిషంలో బిడ్డను చూసి తీరాలి. అంతేకాదు, కాన్పు చేసిన డాక్టరే మార్కు వేయకూడదని అప్గార్ పట్టుబట్టారు. తన చేతుల మీదుగా పుట్టిన బిడ్డ బాగుందనే ఎవరికైనా అనిపిస్తుంది మరి! తర్వాత అయిదో నిమిషంలో మళ్లీ చూడటం కూడా అలవాటైంది. డిశ్చార్జ్ సమ్మరీలో కనిపించే రెండు అంకెలు ఈ రెండుసార్లు వేసిన మార్కులే.

అంకెలు చేతికొచ్చాక పోల్చడం వీలైంది. ఏ మత్తుమందు వాడితే బిడ్డలు మందకొడిగా పుడుతున్నారో లెక్క తేలింది. తల్లులకు ఇచ్చే సైక్లోప్రొపేన్ అనే వాయువు బిడ్డల్ని కుంగదీస్తోందని అప్గార్ బృందం గుర్తించింది. అది ఆమె ఇష్టంగా వాడిన మందు. అయినా కాన్పుల్లో దాన్ని మానేశారు.

ఇక మార్కుల సంగతి. పదికి పది రావడం అరుదు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు కూడా కాసేపు అరచేతులు, అరికాళ్లు నీలంగానే ఉంటాయి కాబట్టి రంగు దగ్గర ఒక మార్కు పోతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్లో కండరాల బిగువు సహజంగానే తక్కువ, వాళ్లకు స్కోరూ తక్కువే వస్తుంది. మొదటి నిమిషంలో 5 వచ్చి అయిదో నిమిషానికి 9కి చేరిందంటే, బిడ్డ తేరుకుందని అర్థం. అయిదో నిమిషంలోనూ 7 కంటే తక్కువుంటే, 20 నిమిషాల దాకా ప్రతి అయిదు నిమిషాలకూ మళ్లీ చూస్తారు. ఈ స్కోరు ఒక్కటే చూసి ఫలానా బిడ్డ మెదడు ఎదుగుదల ఎలా ఉంటుందో చెప్పకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం స్పష్టంగా చెప్పింది.

ఊపిరి తీయని బిడ్డకు స్కోరు వేసేదాకా ఆగరు కూడా. ఒళ్లు తుడిచి, వెచ్చగా ఉంచి, అవసరమైతే మొదటి నిమిషం లోపే మాస్కుతో గాలి అందిస్తారు. మన దేశంలో 2009లో మొదలైన నవజాత శిశు సురక్షా కార్యక్రమంలో నర్సులకు నేర్పేది ఈ పనే.

అయిదు గుర్తుల్లో రంగును నమ్మడం కష్టమని అప్గార్ తొలి వ్యాసంలోనే ఒప్పుకున్నారు. చామనఛాయ, నలుపు చర్మం ఉన్న మన బిడ్డల విషయంలో ఇది మరీ నిజం. ఒళ్లు గులాబీ రంగులో ఉందా అని వెతికితే తేలదు. నాలుక, పెదవుల లోపలి భాగం చూడాలి. ఆక్సిజన్ ఎంత అందుతోందో తెలియాల్సి వస్తే, బిడ్డ కుడిచేతికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూస్తారు.