జ్వరం లేకుండా వచ్చే ఇన్ఫెక్షన్: క్యాజువాల్టీ గొడవకు మూలం ఎక్కడ?

కిడ్నీ మార్పిడి జరిగిన మనిషి ఇన్ఫెక్షన్‌తో ఎమర్జెన్సీలో చనిపోతే ప్రతిసారీ అవే రెండు మాటలు. 'ఆలస్యంగా తెచ్చారు' అంటుంది ఆసుపత్రి. 'మొన్నే వచ్చాం, జ్వరం పెద్దగా లేదని పారాసిటమాల్ రాసి పంపేశారు' అంటారు ఇంటివాళ్లు.

మార్పిడి కథ అనగానే 1954 బోస్టన్ ఆపరేషన్ దగ్గర మొదలుపెడతారు. అది ఒకే పోలిక కవలల మధ్య జరిగింది, రోగనిరోధక శక్తిని అణిచే మందుల అవసరమే పడలేదు, కాబట్టి మన గొడవకు పనికిరాదు. అసలు మలుపు 1983. ఆ ఏడాది అమెరికాలో సైక్లోస్పోరిన్‌కు అనుమతి వచ్చింది. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందు ఇది; ఆ శక్తి తగ్గితే ఇన్ఫెక్షన్లకూ దారి తెరుచుకుంటుంది. అంతకుముందు అజాథయోప్రిన్, స్టెరాయిడ్లే దిక్కు. చాలామందికి కొత్త కిడ్నీ ఏడాది కూడా నిలిచేది కాదు. సైక్లోస్పోరిన్‌తో, తర్వాత అదే పని చేసే ట్యాక్రోలిమస్‌తో కిడ్నీ నిలిచింది, మనిషి ఇల్లు చేరాడు. ఇన్ఫెక్షన్ ముప్పు కూడా వార్డు దాటి అతనితోపాటే ఊరికి వచ్చింది.

మన దగ్గర ఆరోగ్యశ్రీ (2007), అవయవదాన పథకం జీవన్‌దాన్ వచ్చాక ఈ దూరం ఇంకా పెరిగింది. ఆపరేషన్ హైదరాబాద్‌లోనో విశాఖలోనో అవుతుంది. అర్ధరాత్రి చలి పుడితే వెళ్లేది మాత్రం దగ్గర్లోని ఆసుపత్రికి. అక్కడి డ్యూటీ డాక్టర్ ఎప్పటిలాగే జ్వరం చూస్తాడు, తెల్లకణాల లెక్క చూస్తాడు. ఈ రోగి విషయంలో ఆ రెండూ మోసం చేస్తాయి. స్టెరాయిడ్లు జ్వరాన్ని అణిచేస్తాయి. నిరోధక శక్తిని అణిచే మరో మందు మైకోఫినోలేట్ వాడేవాళ్లలో తెల్లకణాలు పెరగకపోగా తగ్గొచ్చు కూడా. పైకి నలతలా కనిపించేది అప్పటికే రక్తంలోకి పాకి ఉండొచ్చు.

ఏం వెతకాలన్నది ఆపరేషనై ఎన్నాళ్లయిందన్నదాన్ని బట్టి ఉంటుంది. మొదటి నెలలో కుట్లు, గొట్టాల దగ్గర పట్టే ఇన్ఫెక్షన్లు. ఆరో నెల దాకా, నిరోధక శక్తి తగ్గినప్పుడు విజృంభించే సైటోమెగలో వైరస్‌లాంటివి. మన దేశంలో టీబీ ఎప్పుడైనా రావచ్చు. మందు రాయడమూ తేలిక కాదు. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే రక్తంలో ట్యాక్రోలిమస్ పెరిగిపోతుంది, టీబీకిచ్చే రిఫాంపిసిన్‌తో పడిపోతుంది. ఒళ్లునొప్పులకు అలవాటుగా వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ కొత్త కిడ్నీకే చేటు.

కొందరు రోగులు సొంతంగా మందులు మానేస్తారని, రెండు రోజులు ఓర్చుకుని వస్తారని డాక్టర్లు అనేదీ నిజమే. కానీ ఆసుపత్రి చెప్పే ఆలస్యం మనిషిని అడ్మిట్ చేసుకున్న పూట నుంచి వెనక్కి లెక్క. ఇంటివాళ్లు లెక్కపెట్టేది పారాసిటమాల్ రాసిన చీటీ మీది తేదీ నుంచి.