మగవాళ్లకు బొటాక్స్: మూడో రోజుకే తొందరపడకండి

మొన్న వేసవిలో ఒకాయన ఎడమ రెప్ప వాలిపోయి నా దగ్గరికి వచ్చారు. పక్షవాతమేమోనని రెండు రాత్రులు నిద్రపోలేదట. నిదానంగా అడిగితే సంగతి బయటపడింది. కనుబొమల మధ్య గీతలకు ఒక క్లినిక్‌లో బొటాక్స్ (కండరాన్ని సడలించి ముడతలు తగ్గించే సూదిమందు) వేయించుకున్నారు. మూడో రోజుకీ తేడా కనిపించలేదు. నాలుగో రోజు ఇంకోచోటికి వెళ్లి, మొదటిది దాచిపెట్టి మళ్లీ వేయించుకున్నారు. వారంలో చెల్లెలి పెళ్లి.

అపోహ: వెంటనే గీతలు పోలేదంటే మందు పనిచేయనట్టే.

వాస్తవం: ఈ మందు నరం చివర అసిటైల్‌కోలిన్ (కండరానికి కదలమని సంకేతమిచ్చే రసాయనం) విడుదల కాకుండా ఆపుతుంది. కండరం సడలడం మొదలవడానికే మూడు నాలుగు రోజులు పడుతుంది, పూర్తి ఫలితానికి రెండు వారాలు. టచప్ (మరికాస్త మందు వేయడం) కావాలా వద్దా అన్నది 14వ రోజున చూసి చెప్తాం. ఈలోపు మరో డోసు పడితే రెండూ కలిసి పనిచేస్తాయి. మందు రెప్పను ఎత్తే కండరం దాకా పాకిందంటే రెప్ప వాలుతుంది. దాన్ని అప్పటికప్పుడు సరిచేసే విరుగుడు లేదు. కంటి చుక్కలతో కాస్త లేస్తుంది, అంతే. ఆయనకు తగ్గడానికి ఆరు వారాలు పట్టింది. పెళ్లి ఫొటోలన్నిటిలో నల్లకళ్లద్దాలతోనే ఉన్నారు, పాపం.

"మా ఆవిడకు 20 యూనిట్లతో పోయాయి, నాకెందుకు పోలేదు?" అని చాలామంది అడుగుతారు. మగవాళ్లకు ఆ కండరాలు దిట్టంగా ఉంటాయి, తరచూ ఎక్కువ డోసే కావాలి. పైగా యూనిట్లు అన్ని బ్రాండ్లకూ ఒకటి కావు. అవే గీతలకు లేబుల్ ప్రకారం బొటాక్స్ 20 యూనిట్లయితే, డిస్‌పోర్ట్ అనే మరో బ్రాండు 50. అందుకే బ్రాండు, యూనిట్లు, తేదీ కాగితం మీద రాయించుకోండి. మాస్కు పెట్టుకుని వచ్చి "పేరు గట్టిగా పిలవకండి మేడమ్" అనేవాళ్లను రోజూ చూస్తుంటాను. ఎవరికీ చెప్పకపోయినా ఫర్వాలేదు, సూది వేసే డాక్టరు దగ్గర మాత్రం దాచకండి.

మిగతావి: అలవాటైపోతుందా? కాదు, మూడు నాలుగు నెలల్లో కండరం మళ్లీ కదులుతుంది, గీతలు మునుపటిలాగే వస్తాయి. విషం కదా? విషమే, కానీ వాడేది అతి తక్కువ మోతాదు. మెల్లకన్ను చికిత్సకు అమెరికాలో 1989లోనే అనుమతి వచ్చింది. మయస్థీనియా గ్రావిస్ (కండరాలు బలహీనపడే జబ్బు) ఉన్నవాళ్లు మాత్రం దీని జోలికి వెళ్లొద్దు.

పెళ్లి ఉంటే నెల ముందు రండి.