ఇరవై అడుగుల సున్న

పక్కింటి కుర్రాడు పదో తరగతి. చెల్లెలి ఓణీల ఫంక్షన్‌కి ఫ్లెక్సీ కొట్టించాలంటే బెజవాడ గవర్నర్‌పేటలో ఒక షాపుకి తోడు వెళ్లాను. వాట్సాప్‌లో వచ్చిన వినాయకుడి బొమ్మని షాపతను ఇరవై అడుగులకి సాగదీసి చూపించాడు. తొండం గళ్లు గళ్లుగా విడిపోయింది. "పగిలిపోతోంది సార్, పెద్ద ఫైల్ ఉంటే ఇవ్వండి" అన్నాడు. దాని పక్కనే ఉన్న ‘స్వాగతం’ మాత్రం ఎంత పెంచినా అంచు చెదరలేదు. "రెండూ ఒకే కంప్యూటర్లో ఉన్నాయి కదా బాబాయ్, బొమ్మ పగిలితే అక్షరం ఎందుకు పగలదు?" అన్నాడు కుర్రాడు. కంప్యూటర్ గ్రాఫిక్స్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ప్రశ్న నాకు తెలియదు.

బొమ్మ సంగతి తేలిక. అది ముందే లెక్కపెట్టి పెట్టిన చుక్కల గుంపు. 300 చుక్కల వెడల్పున్న బొమ్మని ఇరవై అడుగులకి లాగితే ఒక్కో చుక్క దాదాపు 20 మిల్లీమీటర్లు, అంటే రూపాయి బిళ్లంత అవుతుంది. లేని వివరం ఎక్కడినుంచీ రాదు.

అక్షరం అలా కాదు. అందులో చుక్కలు ఉండవు, కొన్ని బిందువులూ ఒక సూత్రమూ ఉంటాయి. ఆ సూత్రం కుర్రాడి లెక్కల పుస్తకంలోనే ఉంది: నిరూపక జ్యామితిలో విభజన సూత్రం, అంటే రెండు బిందువుల్ని కలిపే గీత మీద పావు దూరమో సగం దూరమో వెళ్తే ఎక్కడ తేలతామో చెప్పేది.

ఇంటికొచ్చి గ్రాఫ్ కాగితం తీశాం. మూడు బిందువులు పెట్టాం: (0,0), (0,8), (8,8). మొదటిదాన్నుంచి రెండోదానికి పావు దూరం వెళ్తే (0,2). రెండోదాన్నుంచి మూడోదానికి పావు దూరం వెళ్తే (2,8). ఈ రెంటినీ గీతతో కలిపి, దాని మీద మళ్లీ పావు దూరం వెళ్తే (0.5, 3.5). అది మన వంపు మీది బిందువు. పావుకి బదులు సగం తీసుకుంటే (2,6), ముప్పావు తీసుకుంటే (4.5, 7.5). చివరల్ని కూడా కలుపుకుని ఐదు బిందువుల్నీ పెన్సిలుతో కలిపేసరికి నున్నటి వంపు తేలింది. మధ్య బిందువు (0,8)ని వంపు తాకనే తాకదు, అది దూరంనుంచి లాగుతుంది, అంతే. ఇంకో అందం చూడండి: (0,2), (2,8)లని కలిపిన గీత ఆ వంపుకి సరిగ్గా (0.5, 3.5) దగ్గర స్పర్శరేఖ, అంటే వంపుని అక్కడ ఒరుసుకుంటూ పోయే గీత. మేకులకి దారాలు చుట్టి పిల్లలు చేసే బొమ్మల్లో అన్నీ తిన్నని దారాలే అయినా వంపు కనిపించేది ఇందుకే.

ఇప్పుడు మూడు బిందువుల్నీ వందతో గుణించండి. పావు పావుగానే ఉంటుంది, నిష్పత్తి మారదు. కాబట్టి వంపు ఆకారమూ మారదు. ప్రింటర్ వేసేదీ చుక్కలే, కానీ సైజు తెలిశాక, ఆ సైజుకి తగ్గట్టు కొత్తగా లెక్కగట్టి వేస్తుంది. కుర్రాడి ప్రశ్నకి జవాబు ఇదే.

ఈ పద్ధతిని 1959లో సిట్రోయెన్ కార్ల కంపెనీలో పాల్ ద కాస్టెల్జో కనిపెట్టాడు. కంపెనీ రహస్యంగా ఉంచింది. రెనో కంపెనీలో పనిచేసిన పియర్ బెజియే తన పనిని ముందుగా ప్రచురించడంతో ఆయన పేరే నిలిచింది, బెజియే వంపులని. కారు బానెట్ కోసం పుట్టిన లెక్క మన గుండ్రటి లిపికి కొలిచి కుట్టినట్టు సరిపోయింది!

మూడుకి బదులు నాలుగు బిందువులు తీసుకుని, అదే పని మూడు విడతలు చేస్తే ఇంకా మెలికలు తిరిగే వంపు వస్తుంది. అయితే వీటితో కచ్చితమైన వృత్తం గీయడం అసాధ్యం. ‘స్వాగతం’ చివరి సున్నని అలాంటి నాలుగు వంపులతో, మధ్య బిందువుల్ని వంపు చివరలనుంచి వ్యాసార్ధానికి 0.5523 వంతు దూరంలో పెట్టి గీస్తే, తప్పు దాదాపు 0.027 శాతం. ఆ సున్న ఒక్కటే ఇరవై అడుగులున్నా తేడా ఒక మిల్లీమీటరు లోపే.

విభజన సూత్రాన్ని బళ్లో రెండు మార్కుల లెక్కగా చెప్పి వదిలేస్తున్నారు. ఒక్క పీరియడ్ గ్రాఫ్ కాగితం మీద ‘ర’ గీయిస్తే చాలు, పిల్లలు జన్మలో మరిచిపోరు.

మర్నాడు షాపులో ఇంకో సంగతి తెలిసింది. ‘ఆహ్వానించువారు’లో దీర్ఘం ఎగిరిపోయి ‘ఆహ్వనించువారు’ అని పడింది. "కర్వ్స్ చేసేశాం సార్, మళ్లీ టైప్ చెయ్యాలి" అన్నాడు షాపతను. తమ ఫాంట్ వేరేచోట లేకపోతే అక్షరాలు చెల్లాచెదురవుతాయి కాబట్టి, ప్రింటుకి పంపేముందు అక్షరాలన్నిటినీ వంపులుగా మార్చేస్తారు. ఆ తర్వాత అది ‘హ’ అన్న సంగతి కంప్యూటర్‌కి తెలియదు, దానికి కనిపించేది గీత మాత్రమే.

నాకు బాధ కలిగించేది ఇక్కడే. బెజవాడలో డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చే పని) వచ్చాక ఎన్నో తెలుగు పుస్తకాలు యూనికోడ్ కాని ఫాంట్లలోనే తయారయ్యాయి. యూనికోడ్ అంటే ఏ కంప్యూటర్లోనైనా ఒక అక్షరానికి ఒకే సంఖ్య ఉండే ఏర్పాటు. అచ్చులో అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. కానీ లోపల ఉన్నవి ఆ సంఖ్యలు కావు కాబట్టి, ఆ ఫైళ్లలో ‘కృష్ణ’ అని వెతికితే ఒక్కటీ దొరకదు. తెలుగు 1991లోనే యూనికోడ్‌లో చేరింది. పాత ఫైళ్లని మార్చే పని ఇప్పటికైనా ప్రచురణకర్తలు చేపట్టాలి, ఆపరేటర్లు ఉండగానే.

కుర్రాడు ఆ ‘హ్వ’ పక్కనే నిలబడి మళ్లీ టైప్ చేయించాడు, ఈసారి దీర్ఘంతో.