మలేరియాకి ఆ పేరెలా వచ్చింది?

మలేరియా అన్న మాటలో దోమ ఊసే లేదు. ఇటాలియన్‌లో ‘మాల’ అంటే చెడ్డ, ‘అరియా’ అంటే గాలి. రోమ్ చుట్టుపక్కల బురద నేలల నుంచి వేసవిలో లేచే కుళ్ళు గాలే జ్వరం తెస్తుందని అక్కడివాళ్ళు శతాబ్దాలపాటు నమ్మారు. 1717లో పోప్ వైద్యుడు లాన్సిసి ఆ విషపు ఆవిర్ల మీద ఏకంగా పుస్తకమే రాశాడు (దోమల మీదా ఆయనకు కాస్త అనుమానం ఉండేది). 1740లో రోమ్ వెళ్ళిన ఇంగ్లిష్ రచయిత హొరేస్ వాల్‌పోల్, ఏటా వేసవిలో వచ్చి మనుషుల్ని చంపే భయంకరమైన ‘మాలేరియా’ గురించి ఉత్తరం రాశాడు. ఇంగ్లిష్‌లో ఈ మాటకు తొలి దాఖలాల్లో అదొకటి. అప్పటికింకా అది గాలి పేరే. జబ్బు పేరుగా స్థిరపడింది తర్వాతే.

మన ఆయుర్వేదం వేరే దారి పట్టింది. విషమజ్వరాల్లో (వదిలి వదిలి వచ్చే జ్వరాల్లో) రోజు విడిచి రోజు వచ్చేది తృతీయకం, రెండు రోజులు విడిచి వచ్చేది చాతుర్థకం. కారణం సంగతి ఎలా ఉన్నా ఈ లెక్క గట్టిది. మలేరియా తెచ్చే క్రిముల్లో వైవాక్స్ అనే రకం రక్తంలో పెరిగి కణాలను పగలగొట్టడానికి 48 గంటలు, ‘మలేరియే’ (malariae) అనే రకానికి 72 గంటలు పడుతుంది. జనం మాత్రం ఒణుకును చూసి చలిజ్వరం అనేశారు.

చెడు గాలి సిద్ధాంతం అంతకాలం నిలవడానికి కారణం, అది చెప్పిన జాగ్రత్తలు పనిచేయడమే. రాత్రి కిటికీలు మూసుకుంటే, మడుగులు ఎండగడితే జ్వరాలు తగ్గేవి. ఎవరికైనా ఇంకేం రుజువు కావాలి?

1880లో అల్జీరియాలో ఫ్రెంచ్ సైనిక వైద్యుడు లావెరాన్ రోగి రక్తంలో క్రిమిని చూశాడు. అది ఒంట్లోకి ఎలా చేరుతుందో తేల్చే పని సికింద్రాబాద్‌లో ముందుకు సాగింది. 1897 ఆగస్టులో, బేగంపేటలో బ్రిటిష్ సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ క్రిమి కోసం దోమల్ని కోస్తున్నాడు. చెమటకి మైక్రోస్కోప్ మరలు తుప్పుపట్టాయి, కటకం పగిలింది. పంకా లాగిద్దామంటే కోసిన దోమలు ఎగిరిపోతాయి! హుస్సేన్ ఖాన్ అనే రోగి, కుట్టించుకున్న ఒక్కో దోమకి ఒక అణా చొప్పున తీసుకున్నాడు. ఆ దోమల్లోనే ఒకదాని పొట్ట గోడలో 20వ తేదీన క్రిమి దొరికింది. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మీద రాస్ క్రిమి జీవితచక్రం మొత్తాన్ని తేల్చేశాడు. మనుషుల్లో దాన్ని నిరూపించింది ఇటలీకి చెందిన గ్రాస్సీ బృందం. ఘనత ఎవరిదన్న తగాదా ఇద్దరి మధ్యా చాలా ఏళ్ళు నడిచింది. 1902 నోబెల్ రాస్‌కే దక్కింది.