వీడియో గేమ్ తయారు చేయబోయే పిల్లలకు పులిజూదం గురించి ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరిద్దరూ కలిసి ఒక వీడియో గేమ్ తయారు చేయాలనుకుంటున్నారని మీ అమ్మ చెప్పగా విని సంతోషించాను. కంప్యూటరు ముందు కూర్చునే ముందు మీరు కొన్నాళ్లపాటు పులిజూదం ఆడి చూడాలని నా కోరిక.

పాత గుళ్ల మండపాల్లో బండలపై త్రికోణంగా చెక్కిన గీతలను మీరు చూసే ఉంటారు. ఆ గీతల మీది 23 చోట్లలోనే ఆటంతా నడుస్తుంది. ఒకరివి 3 పులులు, మరొకరివి 15 మేకలు. పక్కనున్న మేకకు అవతలి చోటు అదే గీతపై ఖాళీగా ఉంటే పులి దూకి దానిని చంపుతుంది. మేకకు చంపే శక్తి లేదు. పైగా మేకలన్నీ ఒక్కొక్కటిగా దిగేవరకు, దిగిన మేకను కదపడానికి వీల్లేదు. పులులు ఎటూ కదలలేకుండా కట్టుబడితే మేకలు గెలిచినట్టు. ఊరిని బట్టి చిన్న తేడాలున్నా, ముఖ్యమైన నియమాలు ఇవే.

ఇరుపక్షాల బలం ఇంత వేరుగా ఉన్నా ఆట ఎందుకు చప్పబడదో ఆలోచించండి. వీడియో గేములో ఒక పాత్రను బలపరచాలంటే ఆయుధం దెబ్బను 10 నుంచి 20కి పెంచడం తేలిక. ఇక్కడ మేక బలం అంకెలో లేదు, నిలబడిన చోటులో ఉంది; వెనుక మరో మేక కాచుకుని ఉన్నంతవరకు ముందున్న మేకపై నుంచి పులి ఆ దారిన దూకలేదు. ఈ సంగతిని నియమాల్లో ఎవరూ చెప్పరు, నాలుగైదు మేకలను పోగొట్టుకున్న పిల్లవాడు తానే కనిపెడతాడు. అడుగడుగునా బాణం గుర్తులతో దారి చూపించే గేములు ఆ ఆనందాన్ని పిల్లల చేతిలోంచి లాగేసుకుంటున్నాయని నాకు బాధగా ఉంటుంది.

మరొక సంగతి. బండమీది ఆటలో నియమాలను యంత్రం కాపాడదు, ఆడేవాళ్లే గుర్తుంచుకోవాలి. అందువల్ల అనవసరమైన నియమం వాడుకలో తానే రాలిపోతుంది. కంప్యూటరు వంద నియమాలను మోయగలదు కనుక, తాను ఎందుకు ఓడిపోయాడో ఆటగాడికి తెలియని పరిస్థితి అక్కడ సులువుగా వస్తుంది. అయినా కంప్యూటరు ఆటను కూడా తేలిక చేయవచ్చు. 1984లో మాస్కోలో టెట్రిస్ అనే వీడియో గేమును రూపొందించిన అలెక్సీ పజిట్నోవ్‌కు పెంటోమినో అనే ముక్కల ఆటే ప్రేరణ. అందులో ఐదేసి గళ్ల ముక్కలు 12 ఉంటే, ఆయన నాలుగేసి గళ్లకు తగ్గించి 7 ముక్కలతో సరిపెట్టారు.

కాబట్టి మీ ఆటను ముందు సుద్దముక్కతో నేలపై గీయండి. చింతగింజలు, గులకరాళ్లు పావులుగా పెట్టి, దానిని ఎన్నడూ చూడని మీ స్నేహితుడి చేత ఆడించండి. నియమాలు ఒక్కసారే చెప్పి, ఆ తరువాత మాట్లాడకుండా పక్కన కూర్చోండి. అతని చెయ్యి ఎక్కడ తటపటాయించిందో, ఎక్కడ ముఖంలో విసుగు కనబడిందో, ఎక్కడ ఉత్సాహంతో ముందుకు వంగాడో కాగితం మీద రాసి నాకు పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య