ట్యాంకు నిండా పెట్రోలు, ఇంజన్‌కు మాత్రం అందదు

బోటు ఒడ్డు వదిలేటప్పుడు ఇంజన్ బాగానే ఉంటుంది. నెమ్మదిగా పోతున్నంతసేపూ పేచీ పెట్టదు. త్రాటిల్ పెంచిన కొద్దిసేపటికి శబ్దం మారుతుంది. ఊపందుకుంటుంది, నీరసపడుతుంది, మళ్లీ అందుకోబోయి ఆగిపోతుంది. కాసేపు ఊరుకుని స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు పలుకుతుంది. ట్యాంకులో చూస్తే పెట్రోలు దండిగా ఉంది. చాలామంది ఇక్కడ ప్లగ్గులు మారుస్తారు, లేదా పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ విప్పుతారు. రెండూ తొందరపాటే. స్పార్కు పోతే ఇంజన్ సాధారణంగా టక్కున ఆగుతుంది. పెట్రోలు అందకపోతే ఇలా కొట్టుకుని కొట్టుకుని ఆగుతుంది.

త్రాటిల్ పెంచినప్పుడే గొడవ బయటపడడానికి ఒక లెక్క ఉంది. పెట్రోలుతో నడిచే ఔట్‌బోర్డ్ ఇంజన్ (బోటు వెనక బయట తగిలించేది) పూర్తి వేగంలో ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.4 లీటరు తాగుతుందని మోటు అంచనా. 40 హార్స్‌పవర్ ఇంజన్‌కు గంటకు 15, 16 లీటర్లన్నమాట. ఐడ్లింగ్‌లో అదే ఇంజన్ ఒకటి రెండు లీటర్లతో సరిపెట్టుకుంటుంది. ఇరుకు సందులోంచి పోయే ప్రవాహం పది రెట్లయితే, అక్కడ నష్టపోయే పీడనం పది రెట్లతో ఆగదు, దాదాపు వంద రెట్లవుతుంది. సగం పూడుకుపోయిన ఫిల్టర్ ఒడ్డున ఎంత పరీక్షించినా దొరకనిది ఇందుకే.

పంపు పెట్రోలును లాగుతుందని అనుకుంటాం. నిజానికి తన వైపు పీడనం తగ్గించడం వరకే దాని పని. ట్యాంకులో పెట్రోలు మీదున్న గాలి దాన్ని పైపులోకి నెడుతుంది. 1643లో ఇటలీలో టొరిచెల్లి అనే శాస్త్రవేత్త పాదరసం గొట్టంతో తేల్చింది ఇదే: గాలి పీడనం 76 సెంటీమీటర్ల పాదరసాన్ని నిలబెట్టగలదు, అంతకు మించి కాదు. నీటినైతే సుమారు పది మీటర్లు. పెట్రోలు నీటికన్నా తేలిక కాబట్టి ఇంకా పైకి రావాలి గానీ, రాదు. పీడనం తగ్గేసరికి పైపులోనే ఆవిరి కావడం మొదలుపెడుతుంది. 38 డిగ్రీల వేడిలో మామూలు పెట్రోలు ఆవిరి పీడనం వాతావరణ పీడనంలో సుమారు సగం ఉంటుంది. అంటే నెట్టే బలంలో సగం మొదటే పోయింది. ఇంజన్ మీదుండే చిన్న డయాఫ్రం పంపు (పల్చటి పొర ఊగుతూ పనిచేసేది) ఆ మిగిలిన సగాన్నీ పూర్తిగా వాడుకోలేదు.

ఇక ఆ గాలి ట్యాంకులోకి రావడానికి దారుండాలి. గంటకు 15 లీటర్ల పెట్రోలు బయటికి పోతుంటే అంత గాలీ లోపలికి రావాలి. నూనె డబ్బాకు ఒక్క చిల్లు పెడితే నూనె ఆగి ఆగి పడుతుంది, రెండో చిల్లు పెట్టగానే ధారకడుతుంది. ట్యాంకు మూత మీది వెంట్ స్క్రూ ఆ రెండో చిల్లు. దాన్ని తెరవడం మరిచిపోతే ఏమవుతుందో 25 లీటర్ల ట్యాంకుతో చూద్దాం. నిండా పోశాక పైన 2 లీటర్ల గాలే ఉందనుకుంటే, అర లీటరు పెట్రోలు పోగానే ఆ గాలి రెండున్నర లీటర్లకు సాగుతుంది, పీడనం అయిదో వంతు పడిపోతుంది. పూర్తి వేగంలో ఇది రెండు నిమిషాల పని. అదే ట్యాంకులో 12 లీటర్ల గాలి ఉంటే, పీడనం అంత పడడానికి 3 లీటర్లు ఖర్చవ్వాలి, 12 నిమిషాలు పడుతుంది. (పెట్రోలు ఆవిరి కొంత పూడుస్తుంది కాబట్టి నిజంలో ఇంకాస్త వ్యవధి దొరుకుతుంది.) సగం ఖాళీ ట్యాంకుతో బాగా నడిచిన ఇంజన్, నిండుగా పోయించిన రోజే మొరాయిస్తుంది. పెట్రోలు కల్తీదని బంకు వాణ్ని తిట్టుకునేది అప్పుడే.

పరీక్ష తేలిక. ఇంజన్ నీరసపడుతుండగా మూత వదులు చేయండి. గాలి సుయ్‌మని లోపలికి పోయి ఇంజన్ తేరుకుంటే దొంగ దొరికినట్టే. బోటులోనే బిగించిన ట్యాంకులకు వెంట్ పైపు పక్కగోడలోంచి బయటికి వస్తుంది. దాని నోట్లో సాలీడు గూడు కట్టినా, పైపు మధ్యలో కిందికి వాలి అక్కడ పెట్రోలు నిలిచినా ఫలితం ఒకటే.

వెంట్ బాగుంటే తర్వాత చెయ్యి వేయాల్సింది పైపు మధ్యనుండే రబ్బరు బల్బు మీద. పెట్రోలు ఎక్కించడానికి పెట్టినదే అయినా, నా దృష్టిలో బోటు మీద ఇంతకన్నా నిజం చెప్పే పరికరం లేదు. ఇంజన్ నడుస్తుండగా బల్బు తనంతట తానే అణిగిపోతే అడ్డు ట్యాంకు వైపున ఉంది: ట్యాంకులో దించిన గొట్టం చివరి జాలీయో, పైపు తెగినా పెట్రోలు బోటులోకి కారిపోకుండా పెట్టే యాంటీ-సైఫన్ వాల్వో, లోపలి పొర ఊడిన పాత పైపో. ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా బల్బులోని వాల్వులు పోయాయి. ఆగిపోబోతున్న ఇంజన్ బల్బు నొక్కగానే పుంజుకుంటే పంపు డయాఫ్రం మీద, ట్యాంకు నుంచి పంపుకు వచ్చే దారి మీద అనుమానం. బల్బు గట్టిగా ఉన్నా, నొక్కినా లాభం లేకపోతే అప్పుడు కార్బురేటర్ వంతు.

గాలి పీల్చే కంతను పట్టుకోవడమే అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే అది కారదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు ట్యాంకు నుంచి పంపుకు వచ్చే పైపులో పీడనం బయటికన్నా తక్కువ. గాలి లోపలికి పోతుందే తప్ప పెట్రోలు బయటికి రాదు. పైపు కింద తడి లేదని చూసి వదిలేస్తే, అతుకు దగ్గర అరిగిన ఓ-రింగు (రబ్బరు వలయం), వదులైన క్లిప్పు అలాగే ఉండిపోతాయి. పరీక్ష కోసం ఆ పైపులోనే, పంపుకు చేరేముందు, లోపల కనిపించే పారదర్శక ముక్క ఒకటి తగిలిస్తే బుడగలు కనిపిస్తాయి. అయితే బుడగ కనపడగానే కంత ఉందని తేల్చకూడదు, గట్టి అడ్డు ఉన్నా పెట్రోలు ఆవిరై బుడగలొస్తాయి. బాగున్న వేరే చిన్న ట్యాంకును, దాని సొంత పైపుతో, ఇంజన్‌కు కలిపి నడపండి. బాగా నడిస్తే తప్పు పాత ట్యాంకు వైపే. ఇక్కడ పైపులు విప్పేముందు ఒక జాగ్రత్త: పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున చేరి నిలుస్తుంది. గాలాడనివ్వాలి, నిప్పురవ్వ దరిచేరకూడదు.

ఫిల్టర్‌లో ఉన్నది గాజు సీసాలోకి వంచి కాసేపు కదపకుండా ఉంచితే మిగతా కథ తెలుస్తుంది. 10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అర శాతం వరకే నీటిని కలుపుకోగలదు. అది దాటితే నీరు, ఇథనాల్ కలిసి అడుక్కి దిగిపోతాయి. పెట్రోలు తీసుకునే గొట్టం చివర ఉండేదీ అడుగునే. అలా విడిపోయిన పెట్రోలును వడగట్టి లాభం లేదు, తీసేయాల్సిందే.

నూనె పెట్రోలులోనే కలిపే టూ-స్ట్రోక్ ఇంజన్ అయితే, బల్బు నొక్కుతూ పూర్తి వేగంలో ఇల్లు చేరాలని చూడొద్దు. పెట్రోలు తగ్గితే దాంతో వచ్చే నూనె కూడా తగ్గుతుంది, గాలి ఎక్కువై పలచబడ్డ మిశ్రమం మండి పిస్టన్ వేడెక్కుతుంది. త్రాటిల్ బాగా తగ్గించి, ఇంజన్ దగ్గకుండా నడిచే వేగం ఏదో చూసుకుని, దాని మీదే రావాలి.